పదకొండు దేశాలు ఒప్పుకున్న పేరు

వాతావరణ కార్యాలయానికి ఫిర్యాదులు కొత్త కాదు. వాన పడుతుందన్నారు, పడలేదని ఒకరు. పడదన్నారు, పడిందని ఇంకొకరు. బట్టలు ఆరేసుకున్నవాళ్లు, గోడలకి రంగులు వేయించుకున్నవాళ్లు, పిక్నిక్ పాడైనవాళ్లు, అందరూ ఐదంతస్తులు ఎక్కి వచ్చి నా టేబుల్ ముందే నిలబడతారు. లిఫ్టు లేదు కాబట్టి పైకొచ్చేసరికి సగం కోపం ఆయాసంలోనే పోతుంది. మిగతా సగానికి నేను సర్దిచెబుతాను.

ఆ అమ్మాయి కోపం మాత్రం ఐదంతస్తులు ఎక్కినా ఒక్క పిసరు తగ్గలేదు.

"ఫిర్యాదు రాసుకోండి," అంది, తడిసిన గొడుగు తీసుకొచ్చి సరిగ్గా నా మ్యాపు మీద పెట్టి.

"గొడుగు కాస్త పక్కన..."

"ముందు రాసుకోండి."

"ఎవరి మీదండీ?"

"తుఫాను మీద."

పెన్ను తీశాను. "ఏ తుఫాను?"

"ఇంకా రాలేదు."

ఆరేళ్ల సర్వీసులో రాని తుఫాను మీద ఫిర్యాదు తీసుకోవడం అదే మొదటిసారి. తలెత్తి చూశాను. చూడకుండా ఉన్నా బాగుండేది. నుదుటికి అతుక్కున్న తడి జుట్టు, పెద్ద పెద్ద కళ్లు, ముక్కు చివర ఒక వానచుక్క. ఆ చుక్క పడాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది. దాంతోపాటు నేనూ ఆగిపోయాను.

"హలో సార్! మాట్లాడుతోంది నేను."

"వింటున్నానండీ, చెప్పండి."

బ్యాగులోంచి పేపరు కటింగ్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ రోజు పేపర్లోదే, నాలుగు లైన్ల వార్త. ఈసారి సముద్రంలో తుఫాను పుడితే దానికి జాబితా ప్రకారం 'లీన' అని పేరు పెడతారని.

"ఈ పేరు తీసెయ్యండి," అంది.

"ఎందుకండీ?"

"అది మా పాప పేరు."

"మీ పాపా?" నా గొంతు ఎందుకో పీలగా వచ్చింది.

"మా అక్క పాప. పుట్టి పన్నెండు రోజులైంది."

హమ్మయ్య అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఆ క్షణంలో నాకే తెలియదు.

కుర్చీ చూపించాను. కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. అక్కకి పెళ్లైన తొమ్మిదేళ్లకి పుట్టిన బిడ్డ. కాన్పు చాలా కష్టమైంది. కళ్లు తెరవగానే అక్క పాపని చెల్లెలి చేతుల్లో పెట్టి, "పేరు నువ్వే పెట్టవే," అంది. బావ సరేనన్నాడు. ఆయన చేపల బోటులో ఇంజన్ మెకానిక్. పాపని తొమ్మిది రోజులు కళ్లారా చూసుకుని మళ్లీ సముద్రం మీదకి వెళ్లాడు. పేరు అందరికీ నచ్చింది. తీరా ఇవాళ పొద్దున అమ్మ పేపరు చూసింది.

"అంతే! పసిగుడ్డుకి తుఫాను పేరేంటే, రేపు ఎక్కడ ఏ ఊరు మునిగినా దీని పేరే చెప్పుకుంటారు, బళ్లో పిల్లలు ఏడిపించుకు తింటారు, మార్చెయ్, అంటోంది. నేను మార్చనన్నాను. నా చేత్తో పెట్టిన పేరండీ అది. అక్క నాకిచ్చిన హక్కు. వెళ్లి ఆ తుఫాను పేరే మార్పించుకొస్తానని చెప్పి వచ్చాను."

"అంత తేలిగ్గా చెప్పేశారా?"

"అందులో ఏముంది? ఒకటి కొట్టేసి ఇంకోటి రాయడమే కదా?"

కొట్టేయడానికి అది నా చిరునామా పుస్తకం కాదని ఎలా చెప్పను? ఈ సముద్రం చుట్టూ పదకొండు దేశాలున్నాయి. తలా కొన్ని పేర్లు ఇస్తాయి. అందరూ సంతకాలు పెట్టాక ఆ వరస ఎవరూ మార్చకూడదు. తుఫాను పుట్టగానే వరసలో తర్వాతి పేరు దానికి వెళుతుంది. ఇదంతా వివరించి, "పేరు తియ్యాలంటే ఒకటే దారండీ," అన్నాను. "ఆ పేరుతో వచ్చిన తుఫాను బాగా నష్టం చేస్తే ఇంక ఆ పేరు ఎవరూ వాడరు."

"అంటే ఊళ్లు ముంచితే గానీ తియ్యరన్నమాట."

"రూలు అలా ఉందండీ."

"పదకొండు దేశాల్లో ఒక్కళ్లకీ బుర్ర లేదా?"

వెనక మూలనుంచి మా పెద్దసారు పకపకా నవ్వారు. ముప్ఫై ఏళ్లుగా గాలివానలు చూసిన మనిషి. "మబ్బూ, ఇవాళ నీ పని అయిందిరా," అన్నారు.

నన్ను ఆఫీసులో అందరూ మబ్బు అనే పిలుస్తారు. పొద్దస్తమానం కిటికీలోంచి మబ్బుల్ని చూస్తుంటానని ఒక కారణం. రెండో కారణం నా నోటితో చెప్పుకోను.

"సరే, ఈ పేరు ఎవరిచ్చారో వాళ్ల అడ్రసివ్వండి," అందామె. "వాళ్లనే కడిగేస్తాను."

"అడ్రసెందుకమ్మా," అన్నారు పెద్దసారు, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "ఎదురుగానే కూర్చున్నాడు."

ఆ చుక్క అప్పుడు రాలింది.

*

కడగలేదు. దానికి కారణం ఫైలు.

మూడేళ్ల క్రితం పెద్దసారు నాకొక పని అప్పజెప్పారు. మన వంతు పేర్లలో ఒకటి ఖాళీ ఉంది, మంచి పేరొకటి వెతకమన్నారు. రూళ్లు చూస్తే చిన్నవే. పేరు చిన్నదిగా ఉండాలి. పదకొండు దేశాల నాలుకలకీ తిరగాలి. ఏ దేవుడి పేరూ, ఏ నాయకుడి పేరూ కాకూడదు. ఏ భాషలోనూ చెడ్డ అర్థం రాకూడదు. నలభై పేర్లు పంపాను. నలభై తిరిగొచ్చాయి. ఒకటి ఫలానా భాషలో తిట్టు. ఒకటి సబ్బు పేరు. ఒకటి వాళ్ల మంత్రిగారి భార్య ముద్దుపేరు. నలభై ఒకటోది 'లీన'.

"దీనికోసం ఇన్ని ఉత్తరాలు రాశారా?" అంది ఫైలు తిరగేస్తూ. ఎప్పుడు కూర్చుందో కూర్చుంది.

"ఒక్కో దేశానికీ ఒకటి. ఇదిగో, ఇది అరబ్బీ మాట్లాడేవాళ్ల దగ్గర్నుంచి. వాళ్ల భాషలో లీన అంటే మెత్తనిది, లేతది. ఖర్జూరపు చెట్టుని కూడా అంటారట. మా ఆడపిల్లలకి పెట్టుకునే పేరు, మాకు సంతోషం, అని రాశారు."

"ఖర్జూరపు చెట్టా?" కళ్లు పెద్దవయ్యాయి. అవి ఇంకా పెద్దవి కాగలవని నేననుకోలేదు.

"ఇది మా లైబ్రరీ పుస్తకంలోంచి రాసుకున్నది. చలిదేశాల్లో కరోలినా, ఎవెలీనా లాంటి పొడుగు పేర్లుంటాయి కదా. ఇంట్లో వాళ్లు తల కోసేసి తోక పట్టుకుని లీనా అని పిలుస్తారు. ఇంకొన్ని చోట్ల హెలెనా అనే పేరుకి ఇది ముద్దుపేరు. ఆ హెలెనా గ్రీకుల పేరు. దానికి వెలుగు అని అర్థం చెబుతారు."

"మరి మనకి?"

"మనకి తెలిసిందేగా. కలిసిపోయింది, మునిగిపోయింది. పాట వింటూ లీనమైపోయాడంటాం."

ఆమె మళ్లీ ఫైలు మీదకి వంగింది. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో లైనే చదువుతోంది. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. ఆ పేరు కోసం నేను పడ్డ పాట్లన్నీ ఇంతవరకూ చదివినవాళ్లు లేరు. పెద్దసారు కూడా కింద సంతకం పెట్టారు గానీ చదవలేదు.

"మీరెందుకు పెట్టారు ఈ పేరు?" అడిగాను.

"పుట్టిన గంటకే కళ్లు తెరిచిందండీ. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. అటే చూస్తోంది. ఏడుపు లేదు, కదలిక లేదు. నాది కళ్లజోళ్ల షాపు, అంటే షాపులో పని. పసిపిల్లలకి మూరెడు దూరం దాటితే ఏదీ సరిగ్గా కనపడదని నాకు తెలుసు. ఏదో వెలుతురు కదిలినట్టు ఉండి ఉంటుంది. అయినా అందులో అలా మునిగిపోయింది. వెంటనే ఆ మాటే వచ్చింది నోటికి."

ఇద్దరం ఒకే పేరుకి వేరు వేరు దారుల్లో వచ్చాం. నేను పదకొండు దేశాలు చుట్టి వస్తే, ఆమె ఒక్క కిటికీ దగ్గర్నుంచి వచ్చేసింది.

"ఇంత మంచి పేరు వెతికి తీసుకెళ్లి తుఫానుకి పెడతారా ఎవరైనా?" అంది చివరికి. కోపం పోయి, ఇప్పుడు బాధ ఉంది గొంతులో.

"తుఫానుకే మంచి పేరు కావాలండీ. ఫలానా డిగ్రీల దగ్గర వాయుగుండం ఉంది అంటే ఎవరూ వినరు. లీన వస్తోంది అంటే తలుపు తీసి చూస్తారు. పేరుంటే మనిషి వింటాడు."

ఆమె గొడుగు తీసుకుని లేచింది. "మీ మాటలు బాగున్నాయి గానీ, మా అమ్మకి చెప్పడానికి పనికిరావు."

*

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి మళ్లీ వచ్చింది. అమ్మతో బేరం కుదిరిందట. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లోపు పాప పేరు రిజిస్టరులో రాయించాలి. ఆలోపు తుఫాను రాకపోతే ఆ పేరే. వస్తే అమ్మ చెప్పిన పేరు.

"అంటే ఇంకా ఎనిమిది రోజులు," అంది. "ఏది, చూపించండి మీ సముద్రం."

తెర మీద ఉపగ్రహం పంపిన బొమ్మ చూపించాను. నీలం, దాని మీద తెల్లటి పోగులు.

"ఇదేంటి?"

"ఉత్త మబ్బు."

"ఇది?"

"అదీ ఉత్త మబ్బే."

"మరి ఇది?"

"అది తెర మీద మరకండీ."

నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు తెర మీద మరకల మీద కూడా గౌరవం పెరిగింది.

అలా రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టింది. "లేచిందా?" అంటూ వచ్చేది. "పడుకునే ఉంది," అనేవాణ్ణి. తుఫాన్ల ఆఫీసులో కూర్చుని తుఫాను రాకూడదని మొక్కుకునే ఉద్యోగిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. డాబా మీద గాలిని కొలిచే గిన్నెలు నెమ్మదిగా తిరుగుతుంటే ఇద్దరం పిట్టగోడ దగ్గర నిలబడేవాళ్లం. దూరంగా సముద్రం, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. ఆమె పాప గురించి చెప్పేది. ఎలా ఆవులిస్తుందో, ఎలా పిడికిలి బిగిస్తుందో. నేను మేఘాల పేర్లు చెప్పేవాణ్ణి. ఏం మాట్లాడుకున్నామో చాలాసార్లు ఇంటికెళ్లాక గుర్తుండేది కాదు. ఎంతసేపు మాట్లాడుకున్నామో మాత్రం నిమిషాలతో సహా గుర్తుండేది.

ఒక సాయంత్రం రాలేదు.

ఆరు దాటింది. ఏడయింది. మర్నాడు మధ్యాహ్నం లంచ్ టైములో కళ్లజోళ్ల షాపుకెళ్లాను. అద్దాల బీరువాల వెనకనుంచి తల బయటపెట్టి నన్ను చూసి, "లేచిందా?" అంది కంగారుగా.

"లేదు లేదు. కళ్లు... కళ్లు చూపించుకుందామని."

అనుమానంగా చూసింది. అయినా లోపలి చీకటి గదిలోకి తీసుకెళ్లి, గడ్డం ఆనించే స్టాండు ముందు కూర్చోబెట్టింది. ఎదురుగా వెలుగుతున్న అక్షరాలు. ముక్కు మీద ఇనప ఫ్రేము. అందులో ఒక్కో అద్దమే టక్కుమని వేస్తోంది.

"ఇది బాగుందా, ఇదా?"

"ఇందాకటిదే."

"ఇప్పుడు?"

"దీనికి ముందుది."

"సార్, రెండూ ఒకటే అద్దం. తీసి మళ్లీ అదే వేశాను."

దొరికిపోయాను. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ దూరంలో అక్షరాలెవరు చూస్తారు?

"మీ చూపు బ్రహ్మాండంగా ఉంది," అంది ఫ్రేము తీస్తూ. "మైళ్ల దూరం మబ్బులు చూసే కళ్లు. ఏ జోడూ అక్కర్లేదు. నిజం చెప్పండి, ఎందుకొచ్చారు?"

"నిన్న మీరు రాలేదు."

లైటు వేయబోయిన చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది. "పాపకి కడుపునొప్పి. అక్కకి సాయం ఉన్నాను." తర్వాత మెల్లగా, "ఇవాళ వస్తాను," అంది.

ఆ 'వస్తాను'ని జేబులో పెట్టుకున్నట్టు జాగ్రత్తగా ఆఫీసుకి తీసుకెళ్లాను.

*

పద్దెనిమిదో రోజు పొద్దున సముద్రంలో అల్పపీడనం కనిపించింది. సాయంత్రానికి వాయుగుండమైంది. పంతొమ్మిదో రోజు తెల్లారేసరికి తీవ్ర వాయుగుండం. ఇంకొక్క మెట్టు ఎక్కితే తుఫాను. గాలి గంటకి అరవై రెండు కిలోమీటర్లు దాటితే దానికి పేరొస్తుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె మెట్లన్నీ పరుగెత్తుకుంటూ వచ్చింది. పాప పేరు గురించే అనుకున్నాను.

"చూస్తూనే ఉన్నానండీ," అన్నాను. "అరవై దగ్గరే ఉంది. దాటకపోవచ్చు."

"బావ బోటు ఇంకా రాలేదు." ఊపిరి అందడం లేదు ఆమెకి. "మిగతావన్నీ నిన్ననే వచ్చేశాయి. ఎనిమిది బోట్లు రాలేదు. బోటు నడిపే సరంగు, వాయుగుండాలు వారానికొకటి చెబుతారు, వలలు నిండాక వస్తాం, అన్నాడట. అక్క పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు."

బోట్లు ఎక్కడున్నాయో మ్యాపు మీద చూశాను. సరిగ్గా అది వెళ్లే దారిలోనే ఉన్నాయి.

పన్నెండు పదికి కొత్త రీడింగులొచ్చాయి. సముద్రంలో తేలే మా పరికరం అరవై అంది. అటువైపు వెళుతున్న ఓడ అరవై నాలుగంది. పెద్దసారు పై ఆఫీసులో మీటింగులో ఉన్నారు. ఫోన్ చేస్తే, "డ్యూటీలో ఉన్నది నువ్వు. రెండూ చూడు, నిర్ణయం నీదే. రాసి సంతకం పెట్టు," అని పెట్టేశారు.

రూలు నాకు తెలుసు. అనుమానముంటే ఎక్కువ ఉన్నదాన్నే నమ్మాలి. వాయుగుండం వార్త రేడియోలో రోజుకి మూడుసార్లు చదువుతారు. తుఫానని ప్రకటిస్తే పావుగంటకోసారి, అన్ని ఛానెళ్లలో, పేరుతో సహా చదువుతారు. అన్నీ తెలుసు. అయినా కీబోర్డు మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాను. పక్కన ఆమె ఉంది. ఆమె పెట్టిన పేరు ఉంది. ఇంక రెండు రోజులే. తర్వాతి రీడింగు మూడు గంటల్లో వస్తుంది. అప్పటికి గాలి తగ్గితే?

"ఎందుకు ఆగారు?" అంది.

"ఇంకో రీడింగు చూసి..."

"నా మొహం చూసి చెప్పండి. ఎందుకు ఆగారు?"

చూశాను. అబద్ధం చెప్పే తెలివి నాకు ఎప్పుడూ లేదు. "పాప పేరు," అన్నాను.

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. "మా బావ అక్కడున్నాడండీ! ఎనిమిది బోట్ల మనుషులున్నారు! పేరుంటే మనిషి వింటాడని నాతో ఎవరన్నారు? మీరే కదా? నా కోసం ఆగుతారా మీరు? నేను అడిగానా?"

"లేదు."

"పెట్టండి. ఆ పేరే పెట్టండి!"

టైపు చేశాను. లీన. రెండక్షరాలు. ఆమె నా భుజం మీదుగా తెర మీద ఆ పేరు చదివి, పైకి అంది, ఒక్కసారే. తర్వాత కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నేను సంతకం పెట్టి పంపాను. గడియారం చూశాను. పన్నెండు పద్నాలుగు.

మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

మర్నాడు పొద్దున వానలో రేవుకి వెళ్లాను. జనం గొడుగుల కింద గుమిగూడి నిలబడ్డారు. పాపని దుప్పట్లో చుట్టుకుని అక్క, ఆ పక్కన అమ్మ, ఆ పక్కన ఆమె. నేను దూరంగా ఒక షెడ్డు కింద నిలబడ్డాను. ఎనిమిదికి మొదటి బోటు కనిపించింది. తర్వాత వరసగా మిగతావి. లెక్కపెట్టుకుంటూ వచ్చాం అందరం. ఎనిమిదీ వచ్చాక రేవంతా ఒక్కసారి కేకలు పెట్టింది. గ్రీజు మరకల చొక్కాతో ఒకాయన దూకి వచ్చి అక్కనీ పాపనీ కలిపి పట్టుకున్నాడు. నాకు కళ్లు మసకేశాయి. జోడు అక్కర్లేదన్న ఆవిడే అటు నిలబడి ఉంది. నన్ను చూసింది. చూసి, తల తిప్పేసుకుంది.

అది న్యాయమే అనుకుని ఆఫీసుకి వచ్చేశాను. లీన ఆ మధ్యాహ్నం మనుషుల్లేని ఇసకమేటల మీద తీరం దాటింది. చెట్లు పడ్డాయి. షెడ్ల రేకులు ఎగిరిపోయాయి. మనుషులకేమీ కాలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే మా టేబుల్ ముందు ఆ గ్రీజు చొక్కా ఆయన నిలబడ్డాడు, శుభ్రమైన చొక్కాతో. "ఆ పేరు చదివించింది నువ్వేనా బాబూ? నేను పాప నాన్నని. నడు మా ఇంటికి."

"డ్యూటీ అండీ..."

"తీసుకుపోవయ్యా," అన్నారు పెద్దసారు. "రెండ్రోజుల్నుంచి కిటికీ కూడా చూడట్లేదు. వాడితో నాకు పని కావట్లేదు."

ఇల్లు మూడో వీధిలో రెండు గదుల వాటా. బల్ల మీద రిజిస్టరు ఆఫీసు కాగితం. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. అమ్మ చేతిలో పెన్ను. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి, నన్ను చూడనట్టే ఉంది.

"తుఫాను వచ్చింది. అనుకున్న మాట ప్రకారం పేరు మార్చాలి," అంటోంది అమ్మ, అల్లుడితో.

"అత్తయ్యా, ఆ రేడియో రెండ్రోజులు మొత్తుకున్నా మేమెవరం వినలేదు. కింద ఇంజను దగ్గరున్నాను. పైనుంచి లీన, లీన అని వినిపించింది. నా గుండె గుభేలుమంది. పైకెళ్లి సరంగుతో చెప్పాను, ఇంటికెళదామని. వలలు ఎత్తలేదు అన్నాడు. ఇంజను ఆపేశాను. ఇంటివైపు తిప్పితేనే స్టార్ట్ చేస్తా, లేకపోతే ఈదుకుంటూ పోండి, అన్నాను. మా వెనకే మిగతా ఏడూ వచ్చాయి. ఇప్పుడు చెప్పండి, ఆ పేరు మారుద్దామా?"

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేనేం బండరాయినా? పెట్టు. ఆ పేరే పెట్టు." నావైపు తిరిగింది. "నీ చలవ బాబూ. నువ్వు సమయానికి..."

"ఆగండి," అన్నాను.

అందరూ చూశారు. ఆ మాట తీసుకుని ఇంటికి వెళ్లలేను.

"సమయానికి కాదండీ. రీడింగు పన్నెండు పదికొచ్చింది. నేను పన్నెండు పద్నాలుగుకి పంపాను. నాలుగు నిమిషాలు ఆగాను. ఆగకూడదు. మీరు అక్కడున్నారని తెలిసి కూడా ఆగాను. పెద్దసారుకి రాసిచ్చాను. మీకూ చెప్పాలి."

బావ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఎందుకాగావ్?"

"మీ మరదలు బాధపడుతుందని." ఇంక దాచడానికేం మిగిలింది? "ఆ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆ నాలుగు నిమిషాలూ ఆమె మొహమే కనిపించింది, సముద్రం కనిపించలేదు. తప్పే. క్షమించమని కూడా అడగలేను."

"తప్పే," అన్నాడు బావ. "ఇంకెప్పుడూ చెయ్యకు. కానీ ఎవరూ అడక్కుండా ఇంటికొచ్చి చెప్పేవాణ్ణి మాత్రం నేను చూడలేదు."

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి ఆమె మాట్లాడింది. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"నా కోసం ఇంకెప్పుడూ దేనికీ ఆగకండి." కళ్లనిండా నీళ్లున్నాయి. గొంతు మాత్రం మొదటిరోజులాగే కోపంగా ఉంది. "అర్థమైందా?"

"అయింది."

"ఏమర్థమైంది?"

"ఆగకూడదని. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. అందరి ముందే. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అక్క చేతిలో పాప కదిలింది. అమ్మ నోరు తెరిచి, మూసి, ఏం చెయ్యాలో తెలియక పెన్ను అక్కడ పెట్టేసి పాపని అందుకుంది. బావ కిటికీవైపు తిరిగి మీసాల చాటున నవ్వుకుంటున్నాడు. ఈ గొడవలో ఎవరూ చూడకుండా అక్క ఆ పెన్ను తీసుకుని ఖాళీ గడిలో గుండ్రటి అక్షరాలతో పేరు రాసేసింది.

"ఏమే తల్లీ," అంది అమ్మ కంగారు కంగారుగా, పాప మొహంలోకి వంగి. "విన్నావా మీ మామయ్య ఏమంటున్నాడో?"

మామయ్య! అంటే నన్ను ఆమెకి అన్నదమ్ముల వరస చేసేసింది.

ఆమె చరచరా నడిచి వచ్చింది. అమ్మ చేతుల్లోంచి పాపని తీసుకుంది. తీసుకుని, నా ఎదురుగా నిలబడి, మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించి, ఆ వెచ్చటి మూటని నా చేతుల్లో పెట్టింది. ఆ పేరు నేను ఎన్ని ఉత్తరాల్లో రాశానో, ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. అది పెట్టుకున్న మనిషిని దగ్గరగా చూడడం ఇదే మొదటిసారి.

"మామయ్య కాదమ్మా," అంది అమ్మతో. తర్వాత పాప చెవి దగ్గరికి వంగి, నాకు వినపడేలా, "లీనా, బాబాయి," అంది.